జీవితమంతా సన్నాయి వాయించిన విద్వాంసుడికి ఊరు చేసే సన్మానం ఎలా ఉండాలి?

రామాలయం వీధి (కందుకూరు ప్రాంతం):

సభ్యులందరికీ నమస్కారం.

కందుకూరుకు దగ్గరలోని మా ఊరి రామాలయంలో కుర్రతనం నుంచి సన్నాయి సేవ చేస్తూ వస్తున్న పెద్దాయనకు వచ్చే శ్రీరామనవమి ఉత్సవాలలో సన్మానం చేయాలని ఆలయ కమిటీ తీర్మానించింది. ఆయన వయసు ఎనభైకి దగ్గరపడింది. మా ఊళ్ళోనూ చుట్టుపక్కల గ్రామాలలోనూ మంగళసూత్రధారణ వేళ గట్టిమేళం అంటే ఆయనదే. తండ్రి పెళ్ళికి, కొడుకు పెళ్ళికి, మనవడి పెళ్ళికి కూడా ఆయనే వాయించిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. పెద్ద సభలలో పేరు మోసిన వారు కారు. తిరునాళ్ళు, కల్యాణాలు, ఊరేగింపులు, ధనుర్మాసపు తెల్లవారుజాములు, ఇవే ఆయన కచేరీలు. బ్యాండు మేళాలు, ఆ తరువాత డీజేలు వచ్చాక బయానాలు తగ్గిపోయాయి. పళ్ళు ఊడిపోవడం వల్ల సన్నాయి పీక (నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) పెదవుల మధ్య నిలవడం కష్టమై ఇప్పుడు పెళ్ళిళ్ళు ఒప్పుకోవడం లేదు గాని, శనివారం రాత్రి పవ్వళింపు సేవకు మాత్రం వచ్చి కాసేపు నీలాంబరి రాగం వాయించి వెళతారు.

కమిటీలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. శాసనసభ్యులను, మండల స్థాయి పెద్దలను పిలిచి, పూర్ణకుంభంతో స్వాగతం పలికి, దుశ్శాలువా, వెండి జ్ఞాపిక, సన్మానపత్రం ఇచ్చి ఘనంగా చేద్దామని ఎక్కువ మంది అంటున్నారు. ఆ ఖర్చంతా తగ్గించి ఆ సొమ్ము ఆయన చేతికే ఇద్దామని కొందరు అంటున్నారు. చందాలు లక్ష రూపాయల వరకు పోగయ్యేట్టు ఉన్నాయి. ఆయననే అడిగితే, ‘శాలువాలు ఇంట్లో చాలానే ఉన్నాయి నాయనా, మీ ఇష్టం’ అని నవ్వి ఊరుకున్నారు. ఆ మాటలో ఇష్టం ఎంతో, మొహమాటం ఎంతో మాకు అర్థం కాలేదు.

ఇలాంటి కార్యక్రమాలు నిర్వహించిన అనుభవం ఉన్నవారు, సంగీత కుటుంబాల నుంచి వచ్చినవారు సలహా ఇవ్వగలరు. ప్రభుత్వం నుంచి పింఛను గాని, పురస్కారం గాని వచ్చే మార్గం ఉందేమో కూడా చెప్పండి. ఆయన దగ్గర కాగితాలేవీ ఉన్నట్టు లేదు.

పెన్నాతీరం (నెల్లూరు):

అయ్యా, మంచి పని తలపెట్టారు. నెల్లూరు పురమందిరంలో జరిగిన సంగీత కార్యక్రమాలలో కొన్నేళ్ళపాటు వేదిక వెనుక పనులు చూసిన వాడిగా నా అభిప్రాయం చెబుతాను. సన్మాన సభల మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఒక్కటే: సన్మానం పొందుతున్న కళాకారుడి సంగీతం ఆ సభలో ఎవరూ వినరు.

జరిగే తంతు మీకు తెలియనిది కాదు. సాయంత్రం ఆరింటికి రమ్మంటారు. పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని, సన్నాయిని గుడ్డ సంచిలో పెట్టుకుని అయిదున్నరకే వచ్చి కూర్చుంటారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఎనిమిదిన్నర. అతిథులు వచ్చేదాకా ‘కాస్త ఏదైనా వాయిస్తూ ఉండండి’ అంటారు. కుర్చీలు సర్దే చప్పుడులో, మైకు పరీక్షల నడుమ ఆయన వాయిస్తారు. కారు వచ్చిందనగానే రాగం మధ్యలో ఆపమని సైగ చేస్తారు. ఆ పైన ఉపన్యాసాలు. పదిన్నరకు ఆయనను పిలిచి ఒకరి తరువాత ఒకరు శాలువాలు కప్పుతారు. చైత్రమాసపు ఉక్కపోతలో నాలుగు శాలువాలు, రెండు గజమాలలు మోస్తూ, ఫోటోగ్రాఫరు చెప్పిన వైపు ముఖం తిప్పుతూ నిలబడిన మనిషి సంగీతజ్ఞుడో, పదవీ విరమణ చేస్తున్న ఉద్యోగో చూసేవారికి తెలియదు. ఆ రాత్రి ఆయన చేతిలో వాద్యం ఉన్న ఫోటో ఒక్కటి కూడా ఉండదు. ఇది ఒక ఊరి కథ కాదు. పేరున్న సభలు కూడా ఇలాగే చేస్తాయి.

కాబట్టి నా సలహా ఏమిటంటే, కార్యక్రమాన్ని ఆయన వాద్యంతోనే మొదలుపెట్టండి. వేళకు మొదలుపెట్టండి. అతిథులు ఎంతటివారైనా సరే, వచ్చి ముందు వరుసలో కూర్చుని వినాలని ఆహ్వానపత్రికలోనే మర్యాదగా అచ్చు వేయించండి. ఎనభై ఏళ్ళ మనిషి ఊపిరితో గంటసేపు వాయించమనడం న్యాయం కాదు. ఇరవై నిమిషాలు చాలు. ఒక రాగం ఎత్తుకుని, ఆలపించి, ఒక కీర్తన వాయించి, పక్క సన్నాయి వాయించే శిష్యుడికి అప్పగిస్తే మిగతాది అతడు నడిపిస్తాడు. పెద్దాయన మధ్యలో ఎక్కడైనా మళ్ళీ అందుకుంటే అందుకుంటారు, లేకపోతే వింటూ కూర్చుంటారు. సన్నాయికి దారంతో వేలాడే ఆ పీకల గుత్తిలోంచి ఒకటి తీసి, నోట్లో తడుపుకుని, వాయించి చూసి, నచ్చక మరొకటి తీసి చూసుకునే సమయం ఆయనకు ఇవ్వాలి. ఎంత పేరున్న వాద్యకారుడైనా ఎండిన పీకతో పలికించలేడు. ‘మొదలుపెట్టండి, మొదలుపెట్టండి’ అని తొందరపెట్టే వ్యాఖ్యాతను ఆ రోజుకు ఇంట్లో కూర్చోబెట్టండి.

ఇంకొక మాట. ఆ ఇరవై నిమిషాలకు కచేరీ సంభావన వేరుగా ఇవ్వండి. సన్మానం పేరుతో ఉచితంగా వాయింపించుకోవడం మన ప్రాంతంలో పెద్ద దురలవాటు.

డోలు ఇంటి ఆడపడుచు (సింగరాయకొండ వైపు):

పెన్నాతీరం గారు చెప్పినదంతా నిజం. నేను డోలు వాయించే కుటుంబంలో పుట్టినదానిని. మా తాతగారు, నాన్నగారు ఇద్దరూ మేళాలలోనే బతికారు. అందువల్ల ప్రశ్న వేసిన అన్నగారిని నేను మొదట అడగదలచినది ఒకటుంది. ఆ పెద్దాయన పక్కన ఇన్నేళ్ళు డోలు వాయించినది ఎవరు?

సన్నాయి ఒక్కటే మేళం కాదు. పక్క సన్నాయి, డోలు, తాళం, శ్రుతి అన్నీ ఉంటేనే మేళం. ఊరేగింపులో దేవుడి పల్లకి ముందు నడుస్తూ మల్లారి వాయించేటప్పుడు కాలం నిలబెట్టేది డోలే. ఒకవైపు కర్రతో, మరోవైపు తొడుగులు వేసుకున్న వేళ్ళతో గంటల తరబడి వాయించి, ఆ బరువును మెడకు వేలాడదీసుకుని మైళ్ళు నడిచిన మా నాన్నగారికి భుజం మీద పట్టీ ఒరిపిడికి ఏర్పడిన నల్లటి గీత పోనేలేదు. మోకాళ్ళు ముందే అరిగిపోయాయి. సన్మానాలు మాత్రం ఎప్పుడూ సన్నాయి వారికే. పేపర్లో పడే ఫోటోలో డోలు మనిషి సగం తెగిపోయి ఉంటాడు. సన్నాయి విద్వాంసుల మీద నాకు ఎలాంటి కోపమూ లేదు. ఎవరైనా ఆ పెద్దాయనను విడిగా అడిగి చూడండి, తన జోడీ డోలు లేకుండా ఆ శాలువా కప్పుకోవడం తనకూ ఇబ్బందేనని ఆయనే చెబుతారు.

మరొకటి, భోజనం సంగతి. ఇది రాయడానికి కొంచెం కష్టంగా ఉన్నా రాయక తప్పదు. నా చిన్నతనంలో ఒక పెద్ద ఇంటి పెళ్ళికి మా వాళ్ళతో వెళ్ళాను. తాళి కట్టే వేళ చేయి చూపిస్తే చాలు గట్టిమేళం మోగాలి, ఆ వేళకు మాత్రం మేళం వాళ్ళు కన్నుల ముందే ఉండాలి; పంక్తి వేసే వేళకు మాత్రం వాళ్ళు ఎవరికీ కనబడలేదు. బంతులన్నీ అయ్యాక పెరటి వైపు విస్తర్లు వేశారు. ఆ ఇంటివారు చెడ్డవాళ్ళు కారు, వారికది అలవాటు. మీ నవమి నాడు ఆయననూ, ఆయన జట్టునూ మొదటి పంక్తిలో, కమిటీ పెద్దల పక్కన కూర్చోబెట్టి వడ్డించండి. నా దృష్టిలో దాని విలువ వెండి జ్ఞాపిక కన్నా ఎక్కువ.

సన్మానపత్రం గురించి కూడా చెబుతాను. ‘సంగీత సరస్వతీ వరపుత్ర’, ‘నాదబ్రహ్మ’ వంటి బిరుదులు ప్రెస్సువాళ్ళ దగ్గర తయారుగా ఉంటాయి. పేరు మార్చి ఎవరికైనా అచ్చు వేస్తారు. అవి రాయించవద్దు. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరి ఏ గుడిలో ఏ సేవకు వాయించారు, పక్క సన్నాయి ఎవరు, డోలు ఎవరు, తన వద్ద నేర్చుకున్నవారు ఎవరు, ఇవి రాయండి. కరవది గురించి అందరూ వినే ఉంటారు. ఒంగోలుకు దగ్గరలోని ఆ ఊళ్ళో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారు తరతరాలుగా సన్నాయి వాయించే ముస్లిం కుటుంబం వారు; తమిళనాడు వెళ్ళి నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర ఆ బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పి ఎందరికో విద్య చెప్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇంత స్పష్టంగా ఆయన గురుశిష్యుల వరుస మనకు తెలియడానికి కారణం ఎవరో శ్రద్ధగా రాసి పెట్టడమే. మీ ఊరి పెద్దాయనకు ఆ పని మీరే చేయాలి.

విశ్రాంత ఉద్యోగి (కావలి):

నేను రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ గనుక కాగితాల సంగతి వరకే చెబుతాను.

‘కాగితాలేవీ లేవు’ అని మీరు రాశారు. ఉంటాయి, వెదకాలి. ఆయన కుటుంబం తరతరాలుగా ఆ ఆలయంలో వాయిస్తూ ఉంటే, వారి పూర్వీకులకు భజంత్రీ మాన్యం, అంటే మేళం సేవకు ఇచ్చిన భూమి, ఉండి ఉండవచ్చు. అలాంటి సేవా ఇనాముల వివరాలు ఇనాం ఫెయిర్ రిజిస్టరులో గ్రామాల వారీగా నమోదై ఉంటాయి. నకలు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. మాన్యం చేతులు మారిపోయి ఉన్నా నమోదు మాత్రం అలాగే ఉంటుంది, మీకు కావలసింది ఆ నమోదే. దేవాదాయ శాఖ కింద ఉన్న ఆలయాలైతే ఉత్సవ ఖర్చుల వోచర్లలో మేళానికి చెల్లించిన మొత్తాలు, వేలిముద్రలు, సంతకాలు దొరుకుతాయి. పాత పెళ్ళి శుభలేఖల అడుగున ‘నాదస్వరం’ అని పేరు వేసే ఆచారం కొన్ని ఇళ్ళలో ఉంది, తిరునాళ్ళ కరపత్రాలలో తప్పకుండా ఉంటుంది. ఊరివాళ్ళందరినీ పెట్టెలు, అటకలు వెదకమని ఒకసారి మైకులో చెప్పించండి. ఆకాశవాణిలో ఎప్పుడైనా వాయించి ఉంటే ఆ కాంట్రాక్టు కాగితం అన్నిటికన్నా గట్టి ఆధారం.

పింఛను విషయానికి వస్తే, కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖకు వృద్ధ కళాకారుల ఆర్థిక సహాయ పథకం ఉంది. 60 ఏళ్ళు నిండి, వార్షికాదాయం 72,000 రూపాయలు మించని వారికి నెలకు 6,000 రూపాయల వరకు ఇస్తారు. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక దరఖాస్తుకు ముందు తాజా ఉత్తర్వు చూసుకోండి. రాష్ట్రంలో డప్పు కళాకారులకు 50 ఏళ్ళు నిండితే సామాజిక పింఛను ఉంది, 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మీ ఊళ్ళో నవమి ఊరేగింపుకు డప్పు కొట్టేవారు ఉంటారు కదా, వారిలో అర్హత ఉండి కూడా అందని వారెవరైనా ఉన్నారేమో ఈ సందర్భంలోనే మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి. కళాకారుల పింఛను విడిగా ఉంది. దానికి జిల్లా స్థాయిలో సిఫారసు కావాలి.

పురస్కారాల మాట. ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే కళారత్న పురస్కారాలు ఉన్నాయి. పద్మ పురస్కారాలకు ఎవరైనా, ఎవరి పేరైనా, ఆన్‌లైన్‌లో ప్రతిపాదించవచ్చు. 800 పదాలు మించకుండా ఆయన చేసిన కృషిని వివరించాలి. ఊరివాళ్ళు రాసేది వ్యర్థం అనుకోకండి. అయితే వయసు ఆగదు. తిరువూరు వైపు గోసవీడుకు చెందిన నాదస్వర విద్వాంసులు షేక్ హసన్ సాహెబ్ గారికి పద్మశ్రీ 2022లో, మరణానంతరం వచ్చింది. 75 ఏళ్ళు దాటినా ఏ జాతీయ గుర్తింపూ రాని కళాకారులను వెదికి సంగీత నాటక అకాడమీ 2023 సెప్టెంబరులో 84 మందికి అమృత్ పురస్కారాలు ఇచ్చింది. అలాంటి అవకాశం మళ్ళీ వచ్చినప్పుడు కాగితాలు సిద్ధంగా ఉన్న వాడి పేరే ముందుకు వెళుతుంది. ఇది నా ఉద్యోగానుభవం.

ఆధార్, బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం, వయసు ధ్రువీకరణ, ఈ నాలుగూ ముందు సరిచూడండి. వృద్ధ కళాకారుల ఫైళ్ళు ఎక్కువగా ఆగేది పేరులో అక్షరం తేడాల దగ్గరే.

ఒంగోలు శ్రోత:

పై ముగ్గురి మాటలతోనూ చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక విషయంలో విభేదిస్తున్నాను. శాలువాలను, అతిథులను మనం మరీ తేలిక చేస్తున్నాం. ఇంట్లో చాలా శాలువాలున్నాయని ఆ పెద్దాయన అన్నది నిజమే కావచ్చు. కాని అవి ఇంట్లోనే ఉన్నాయి, ఎవరికీ ఇచ్చివేయలేదు. మేళం వాళ్ళ పిల్లలు ఈ విద్య వదిలి సెల్‌ఫోన్ దుకాణాలకు, ఆటోలకు వెళ్ళిపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. సన్నాయి వాయిస్తానంటే బడిలో తోటి పిల్లలు నవ్వుతారు, పెళ్ళి సంబంధాలు వెనక్కి పోతాయి. ఊరంతా చూస్తుండగా, పెద్ద పదవిలో ఉన్న మనిషి లేచి నిలబడి ఆయనకు నమస్కారం చేస్తే, ఆ కుటుంబపు మనవళ్ళ కళ్ళలో తాత స్థాయి మారుతుంది. ఆ పైన, శాసనసభ్యులు వేదిక మీద నుంచి పింఛను సంగతి చూస్తామని నలుగురి ముందు అంటే, విశ్రాంత ఉద్యోగి గారు చెప్పిన ఫైలు కదులుతుంది. కదలదంటారా?

మన జిల్లాల వారికి ఇంకొక గుణం ఉంది. త్యాగరాజస్వామి వారి ఇంటిపేరు మన ఉమ్మడి ప్రకాశం జిల్లా కాకర్ల నుంచే వచ్చిందని సభలలో గర్వంగా చెప్పుకుంటాం. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పేరును నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు పెట్టుకున్నాం. ఆయన తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించిన సంగతి కూడా అందరికీ గుర్తే. అవన్నీ అవసరమే, తప్పు పట్టడం లేదు. కాని పేరు పెట్టుకోవడానికి మహానుభావులు, పెళ్ళికి పిలవడానికి డీజే అన్నట్టు తయారైంది మన పరిస్థితి. మీ లక్ష రూపాయలలో కొంత భాగం ఇద్దరు పిల్లలకు సన్నాయి, డోలు కొనివ్వడానికి, మరికొంత పెద్దాయన వారికి నేర్పినందుకు నెలనెలా గురుదక్షిణగా ఇవ్వడానికి కేటాయించండి. పళ్ళు లేకపోయినా గొంతుతో స్వరం చెప్పగలరు, వేళ్ళు ఎక్కడ వేయాలో చూపగలరు. తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది. ఇక్కడ పునాది పడిన పిల్లలు ముందుకు వెళ్ళడానికి అదొక దారి.

పెన్నాతీరం (నెల్లూరు):

ఒంగోలు శ్రోత గారి మాటను పాక్షికంగా అంగీకరిస్తున్నాను. అతిథి రావడం నాకు అభ్యంతరం కాదు, వచ్చి వినకపోవడం అభ్యంతరం. శాసనసభ్యులు ఆ ఇరవై నిమిషాలు కూర్చుని విని, ఆ తరువాత శాలువా కప్పితే నేనే చప్పట్లు కొడతాను. శాలువా మాత్రం ఒక్కటే, ఊరి తరఫున ఒక్కటే ఉండాలి. ‘నా తరఫున కూడా’ అంటూ వరుసకట్టే అలవాటును కమిటీ ముందే ఆపాలి.

పిల్లలకు నేర్పించే ఆలోచన బాగుంది గాని, దాన్ని ఆయన మీద రుద్దకండి. జీవితమంతా ఊరికి పనిచేసిన మనిషికి సన్మానం పేరుతో ఇంకొక పని అప్పగించినట్టు కాకూడదు. ఆయన సరేనంటేనే.

శబ్దగ్రహణం (నెల్లూరు):

రికార్డింగు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. నవమికి ఇంకా సమయం ఉంది గనుక సన్మానం కన్నా ముందే ఈ పని పూర్తి చేయండి.

ఆయన దగ్గర ఉన్నది కీర్తనలు మాత్రమే కాదు. కీర్తనలు ఎవరైనా వాయిస్తారు. మీ గుడిలో ఏ సేవకు ఏ రాగం, పల్లకి గడప దాటేటప్పుడు ఏమి వాయిస్తారు, వీధి మలుపు దగ్గర ఎక్కడ ఆగుతారు, స్వామివారి ఎదురుకోలుకు, తలంబ్రాలకు, అప్పగింతలకు మీ ప్రాంతపు వరస ఏమిటి, ఈ క్రమం ఆయన తరువాత ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున భూపాళం, ఊరేగింపుకు గంభీరనాటలో మల్లారి, రాత్రికి నీలాంబరి అన్నది అందరికీ తెలిసిన సంప్రదాయం. వాటి నడుమ ఊరికో తేడా ఉంటుంది, ఆ తేడానే పట్టుకోవాలి.

సన్నాయి, డోలు రెండూ ఆరుబయట వినిపించడానికి పుట్టిన వాద్యాలు. సెల్‌ఫోన్‌ను దగ్గర పెట్టి రికార్డు చేస్తే శబ్దం పగిలిపోతుంది. మైకును సన్నాయి చివరి గరాటుకు ఎదురుగా పెట్టకండి. ఏడెనిమిది అడుగుల దూరంలో, కొంచెం పక్కకు, తల ఎత్తున ఉంచండి. సన్నాయి ధ్వని చివరి నుంచే కాదు, వేళ్ళు వేసే రంధ్రాల నుంచి కూడా వస్తుంది. డోలును ఇంకొంచెం వెనక్కి కూర్చోబెట్టండి. రికార్డరులో శబ్దస్థాయిని దానంతట అదే సర్దే సదుపాయం ఉంటే ఆపివేయండి, లేకపోతే డోలు దెబ్బ పడిన ప్రతిసారీ సన్నాయి మునిగి తేలుతుంది. గుడి మండపంలోనే చేయండి, స్టూడియో వద్దు. ఫ్యాన్లు మాత్రం ఆపించండి. ఎంపీత్రీగా కాకుండా వేవ్ ఫార్మాట్‌లో దాచండి. ప్రతి రికార్డింగుకు ముందు తేదీ, ఊరు, వాయిస్తున్న వారందరి పేర్లు, రాగం, సందర్భం ఎవరైనా స్పష్టంగా చదవాలి. ఏ ఫైలు ఏమిటో తెలియని రికార్డింగు పదేళ్ళ తరువాత ఎవరికీ పనికిరాదు.

ఒకే రోజు అంతా చేయాలని కూర్చోబెట్టకండి. ఆయన వాయించగలిగినంతసేపు వాయిస్తారు; వాయించలేనివి పాడి వినిపిస్తారు, శిష్యుడు వాయించి చూపుతాడు, ఆయన సరిదిద్దుతారు. నిజానికి ఆ సరిదిద్దడమే అన్నిటికన్నా విలువైన భాగం, అది జరుగుతున్నప్పుడు రికార్డరు ఆపవద్దు.

చివరగా హక్కుల మాట. కాపీరైటు చట్టంలో ప్రదర్శకులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు ఉంది. యూట్యూబులో పెట్టే ముందు ఆయన దగ్గరా, డోలు వారి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఏమైనా ఆదాయం వస్తే ఎవరికి చెందాలో అందులోనే రాసుకోండి. మన వాళ్ళకు ఈ పట్టింపు లేక పాత కళాకారుల రికార్డింగులను ఎవరెవరో అమ్ముకున్నారు.

రామాలయం వీధి (కందుకూరు ప్రాంతం):

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నీ అచ్చుతీసి నిన్నటి కమిటీ సమావేశంలో చదివి వినిపించాను. కొంత వాదన జరిగింది. వెండి జ్ఞాపిక వద్దనుకోవడానికి ఒక పెద్దమనిషి ససేమిరా ఒప్పుకోలేదు. చివరకు దానిని తన సొంత ఖర్చుతో చేయిస్తానన్నారు, మేము కాదనలేకపోయాం.

మిగతా విషయాలలో ఇలా తేల్చుకున్నాం. సన్మానం ఇద్దరికీ, ఒకే వేదిక మీద. డోలు ఇంటి ఆడపడుచు గారు అడిగిన ప్రశ్న తీసుకుని వెళితే పెద్దాయన తన జోడీ డోలు మేస్త్రిగారి పేరు చెప్పి, ఆయన ఇప్పుడు ఉలవపాడులో కూతురి ఇంట్లో ఉన్నారని, తామిద్దరూ కలిసి వాయించి చాలా కాలమైందని అన్నారు. మా కుర్రవాళ్ళు ఇద్దరు మోటారు సైకిలు మీద వెళ్ళి మాట్లాడి వచ్చారు. మోకాళ్ళు సహకరించవు గాని కూర్చుని వాయిస్తానన్నారు. అందుకని మెట్లెక్కే పని లేకుండా వేదికను అడుగు ఎత్తుకు తగ్గించమని షామియానా వాళ్ళకు చెప్పాం. కచేరీ సంభావన జట్టులోని నలుగురికీ విడివిడిగా కవర్లలో ఇస్తాం. మిగిలిన సొమ్మును ఆయన, డోలు మేస్త్రిగారు ఇద్దరి పేర్ల మీద పోస్టాఫీసులో వేయాలని తీర్మానం. పిల్లలకు నేర్పించడం గురించి ఆయనను ఇంకా అడగలేదు; నవమి అయ్యాక, తీరిక చూసుకుని అడుగుతాం.

శాసనసభ్యుల కార్యాలయానికి పంపే ఆహ్వానంలో ‘ఆరు గంటలకు నాదస్వర కచేరీ, ఏడు గంటలకు సత్కారం’ అని రాశాం. వారు ఏడింటికే వస్తారని నా అనుమానం. వస్తే రానివ్వండి, కచేరీ మాత్రం ఆరింటికే మొదలవుతుంది.

అటకలు వెదకమన్న సలహా అప్పుడే ఫలించింది. మా వీధిలోనే ఒక ఇంట్లో 1974 నాటి పెళ్ళి శుభలేఖ దొరికింది, అడుగున సన్నాయికి ఆయన పేరు, డోలుకు ఉలవపాడులో ఉన్న మేస్త్రిగారి పేరు ఉన్నాయి. తిరునాళ్ళ కరపత్రాలు రెండు వచ్చాయి, ఒకదానిలో సంవత్సరం చిరిగిపోయింది. రెవెన్యూ కార్యాలయంలో నకలుకు దరఖాస్తు సోమవారం పెడతాం. విశ్రాంత ఉద్యోగి గారు దరఖాస్తు నమూనా ఏదైనా ఉంటే ఇక్కడ పెట్టగలరా? శబ్దగ్రహణం గారూ, మీరు చెప్పిన రికార్డరు అద్దెకు నెల్లూరులో దొరుకుతుందా, లేక ఒంగోలు వెళ్ళాలా? సన్మానపత్రం ముసాయిదాను బిరుదులు లేకుండా, వివరాలతో రాస్తున్నాం. గురువుగారి పేరు, వారి ఊరి పేరు పెద్దాయనను మరొకసారి అడిగి సరిచూసుకుని, పూర్తయ్యాక ఇక్కడే ఉంచుతాను, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.